గూట్లోని తగరం ముక్క

మా అబ్బా షబ్బీర్ సిద్దిపేట అంగట్లో ఇత్తడి గిన్నెలకు తగరంతో కళాయి పూసేవాడు. ఆయనకో మొండి అలవాటు. పూసిన గిన్నెలో చింతపండు పులుసు మరిగించి, ముందు తానొక గుక్క తాగి, ఆ తర్వాతే గిన్నె చేతికిచ్చేవాడు. “నేను తాగనిది నీకెట్ల ఇస్త?” అనేవాడు. అనేటప్పుడు ఎంత గర్వమో! ఆ గర్వం మా కొంప ముంచుతుందని నేను భయపడేదాన్ని. చివరికి ఇంకొకరి కొంప ముంచింది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక తగరం కరువైంది. దొరికినా మండే ధర. పక్క సందులో కొత్తగా దిగినవాడు తగరంలో సీసం కలిపి సగం ధరకే పూసేవాడు. గిన్నెలు తళతళలాడేవి. జనమంతా అటే ఎగబడ్డారు.

“నువ్వు గూడ కలుపరాదు? పిల్లలేం తినాలె?” అని అమ్మీ మొత్తుకుంది.

“పులుసు తగిలితే సీసం కరుగుతది. జనానికి విషం పెట్టుమంటవా?”

మా కొలిమి చల్లారింది. జొన్న గట్కతో రోజులు గడిపాం. అందుకు నాకు ఈనాటికీ బాధ లేదు.

నా బాధంతా కొమురవ్వ గురించే. సంతలో అన్నం, పులుసు అమ్ముకునే ఒంటరి మనిషి. ఒకరోజు పులుసు సర్వ నెత్తిన పెట్టుకుని వచ్చింది.

“కళాయి పోయి చిలుం పడుతున్నది. జర పూసియ్యి కొడుకా.”

గూట్లో గుడ్డలో చుట్టిన తగరం ముక్క ఉంది. ఆ సర్వకు సరిపోతుంది. కానీ అదే ఆఖరిది. అది అయిపోతే దుకాణం మూసుకోవాల్సిందే.

“తగరం లేదవ్వా” అన్నాడు అబ్బా.

“మరి పక్క సందుల పూపిచ్చుకోనా?”

అబ్బా ముఖం ముడుచుకున్నాడు. “నీ ఇష్టం” అన్నాడు. అంతే. అమ్మీకి చెప్పిన మాట ఆమెకు చెప్పలేదు. అందరూ తనను వదిలి అటే పోతున్నారని అలక.

ఏడాది తిరగకముందే కొమురవ్వ మళ్ళీ వచ్చింది. సర్వను పక్కింటామె మోసుకొచ్చింది. కొమురవ్వ చేతులు రెండూ మణికట్టు దగ్గర చచ్చుబడి వేలాడుతున్నాయి.

“కడుపుల మెలిపెడుతది. గరిటె పట్టస్తలేదు కొడుకా. అమ్మంగ మిగిలిన పులుసే రోజు తింటి. గీ గిన్నెతోనే అయ్యిందా, జర చూడు.”

అబ్బా గోటితో గీకాడు. పూత మెత్తగా ఊడి, వేలికి నల్లగా అంటింది.

“సీసమవ్వా.”

“నీకు అప్పుడే ఎరికేనా?”

అబ్బా తలూపాడు.

“గా మాట గప్పుడే చెప్తే ఏంబోతుండె కొడుకా?”

కోపంతో అనలేదు. నిజంగా తెలియకే అడిగింది. తిట్టినా బాగుండేది.

అబ్బా కొలిమి రాజేశాడు. గూట్లోని ముక్క తీసి మొత్తం ఆ సర్వకే పూశాడు. పులుసు మరిగించి తానొక గుక్క తాగాడు. తర్వాత ముంతలో పోసి కొమురవ్వ ముందు పట్టాడు.

ఆమె అందుకోబోయింది. చేతులు లేవలేదు. అబ్బా ఏడుస్తూ, ముంతను ఆమె నోటికి అందించాడు.