బల్లుల కూర ముసలమ్మ

బెంగాల్లో తెలుగువాళ్లుండే మలంచా రోడ్డు మీది టీ కొట్టు దగ్గర నూకరాజు మాట మొదలెడితే బస్సులు కూడా ఆగి వినాల్సిందే. మిషన్లు బిగించి రమ్మని కంపెనీ మూడు నెలలు ఇండోనేషియా పంపితే, ఆ కబుర్లే మూడేళ్లుగా చెబుతున్నాడు. అక్కడ ఓ నగరం చివర, పొలాల్లోకి ఫ్యాక్టరీలు పాకుతున్న చిన్న పల్లెలో ఓ ముసలమ్మ ఇంట్లో అద్దెకున్నాడు.

"ఏటనుకున్నావు ఉమాశంకరూ! మా ఇంటి ముసిల్ది పూటకో బల్లిని ఏపి పెట్టీది. మొసలి మీద కూకుని బజారుకెల్లీది!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అంతలో నూకరాజు ఫోన్‌కి వీడియో కాల్ వచ్చింది. తెర నిండా తెల్లటి తలగుడ్డ, బోసినవ్వు.

"నూకరాజూ, గంజి తాగినావా?" అంది ముసలమ్మ, తెలుగులోనే.

ఉమాశంకర్ తొంగిచూశాడు. "మామా, బల్లుల దీదీ ఈవిడేనేటి? మొసలిని కూడా సూపించమను!"

ఏమీ అర్థం కాకపోయినా ఆమె అందరికీ చెయ్యూపింది. నూకరాజుకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"నవ్వకండ్రా," అన్నాడు మెల్లగా. "బల్లీ నేదు, మొసలీ నేదు. నాకు జొరమొస్తే తొమ్మిది రోజులు గంజి కాసి తాగించినాది. నా దగ్గర 'గంజి తాగినావా' అన్న ముక్కొక్కటే నేర్సుకుంది. నాను ఆవిడ పేరు కూడా అడగనేదు."

తెరలో ఆమె ఇంకా జవాబు కోసం చూస్తోంది. అతను తలెత్తలేకపోయాడు.