తన పేరుతో ఒక సిస్టమ్

"అటు తిరుగు," అన్నాడు భర్త.

ఆమె అటు తిరిగింది. వంటగదిలో పాలు పొంగుకొస్తున్నాయి. వెళ్ళి మంట తగ్గించి వచ్చేసరికి అతను కంప్యూటర్లో పాస్‌వర్డ్ కొట్టేసి, "ఇప్పుడు వేసుకో నీ ఫాంటు," అంటూ చొక్కా గుండీలు పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

పదకొండేళ్ళుగా ఇదే తంతు. ఆమె పుస్తకాలకు పేజీలు కూర్చే పని చేస్తుంది. ప్రచురణ సంస్థవాళ్ళు రాతప్రతులు పంపితే, భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని వాటికి అక్షరాల సైజులూ, మార్జిన్లూ, శీర్షికలూ అమర్చి తిరిగి పంపుతుంది. భోజనం వేళకి కంప్యూటర్ తీసి బీరువా మీద పెట్టాలి, అందరూ తిని లేచాక బల్ల తుడిచి మళ్ళీ తెచ్చుకోవాలి. ఆ కంప్యూటర్ భర్త వాడి పక్కన పడేసింది. తెరవగానే అతని పేరు పెట్టే పలకరిస్తుంది. మెయిల్ కూడా అతనిదే, ప్రచురణ సంస్థకి ఆమె రాసేదీ దాన్నుంచే. కొత్త అక్షరాల ఫాంటు వెయ్యాలన్నా, ప్రింటరు కలపాలన్నా అడ్మినిస్ట్రేటర్ అనుమతి, అంటే అతని పాస్‌వర్డ్, కావాలంటుంది. ఆ అనుమతి మీటింగులో ఉంటుంది.

"నీది టైపింగే కదా, ఈ డబ్బా చాలదూ?" అనేవాడు అతను. "పొద్దస్తమానం ఆ తెర ముందేనా, కళ్ళు పోతాయే అమ్మాయ్," అనేది అత్తగారు. అత్తగారి మాటలో కాస్త ప్రేమ కూడా ఉండేది. అందుకే ఆవిడకి ఎదురు చెప్పడం ఇంకా కష్టమయ్యేది.

ఆ వారమే ఆ డబ్బా, ఇక మీదట తనకు అప్‌డేట్లు రావని తెర మీద చీటీ పెట్టింది. "ఆదివారం మా స్నేహితుణ్ణి పిలిచి మళ్ళీ విండోసే వేయిస్తాలే, ఎప్పట్లాగే," అన్నాడు భర్త. మరిది ఫోన్లో సలహా ఇచ్చాడు. "అన్నయ్యలాగా నువ్వూ మ్యాక్ కొనుక్కో వదినా. ఆడవాళ్ళకి అదే సుఖం. ఏమీ తెలియక్కర్లేదు."

ఏమీ తెలియక్కర్లేదన్న మాట దగ్గర ఆమెకు మనసు చివుక్కుమంది. రెండు వందల పుస్తకాలు కూర్చిన మనిషికి ఏమీ తెలియకపోవడమే సుఖమట.

లైబ్రరీలో కంప్యూటర్ల గది చూసుకునే అక్క మాత్రం పూర్తిగా విని, సొరుగులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసిచ్చింది.

"ఇందులో లినక్స్ ఉంది, విండోస్‌కి బదులు వేసుకునేది. ముందు దీన్నించే నడిపి చూడు, నీ కంప్యూటర్లో ఏదీ చెరగదు. నచ్చితే వేసుకో, నచ్చకపోతే తెచ్చి నా మొహాన కొట్టు. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా. నీ పాత పేజీల ఫైళ్ళు ఇందులో తెరుచుకోవు. వేరే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. మూణ్ణెల్లు నన్ను తిట్టుకుంటావు."

మూడు మధ్యాహ్నాలు నడిపి చూసింది. మొదటిరోజు వైఫై దొరకలేదు. రెండోరోజు దొరికింది గానీ, ఒత్తులన్నీ అక్షరాల కిందనుంచి జారి పక్కకి పోయాయి. ఫాంటు మారిస్తే సర్దుకున్నాయి. మూడోరోజు ఒక అధ్యాయం మొత్తం కూర్చింది. అయినా మనసు ఊగిసలాడుతూనే ఉంది. పాతదాంట్లో కళ్ళు మూసుకున్నా చేతులకు దారి తెలుసు. ఇక్కడ ప్రతి మెనూ దగ్గరా ఆగి, వెతుక్కుని, తప్పు చేసి దిద్దుకోవాలి. ఆదివారం ఆ స్నేహితుడు వచ్చి వేసిపోతే ఏ గొడవా ఉండదు కదా అని కూడా అనుకుంది.

శనివారం టిఫిను తింటూ భర్త అన్నాడు. "అన్నట్టు, మీ ఎడిటర్ మేడమ్ మెయిల్ పెట్టింది. పిల్లల పుస్తకాల సిరీసట, పన్నెండు. మొత్తం నువ్వే చూసుకోవాలట. కుదరదని రాసేశాను."

"ఎప్పుడు?"

"బుధవారం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పాపకి పరీక్షలు. నీకెక్కడ తీరుతుంది? నీ కోసమే కదా ఆలోచించాను."

ఆమె లేచి ప్లేట్లు తీసింది. అతను పాపను తీసుకుని డ్రాయింగ్ క్లాసుకి వెళ్ళాక, కంప్యూటర్ తెరిచి పంపిన మెయిళ్ళు వెతికింది. బుధవారపు జవాబు మంచి భాషలో, మర్యాదగా ఉంది. కుటుంబ బాధ్యతల వల్ల అవకాశాన్ని అంగీకరించలేకపోతున్నానని ఉంది. కింద తన పేరు. తను ఎప్పుడూ పెట్టినట్టే, ఇంటిపేరు లేకుండా. పదకొండేళ్ళుగా ఎడిటర్ మేడమ్‌తో తనే మాట్లాడుతున్నానని అనుకుంది. ఇంకెన్నిసార్లు తన గొంతుతో అతను మాట్లాడాడో ఎవరికి తెలుసు? కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. కోపం రాలేదు గానీ ఊగిసలాట మాత్రం ఆగిపోయింది.

ముందుగా అతని ఫోటోలూ, సర్టిఫికెట్లూ అన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి, పేరు రాసి అతని బల్ల మీద పెట్టింది. తర్వాత పెన్‌డ్రైవ్ గుచ్చింది. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, కొనసాగించాలా అని అడిగింది తెర. అవునంది. మీ పేరేమిటి అని అడిగింది. ఒక్కో అక్షరమే టైపు చేసింది. పనయ్యేదాకా కుర్చీలోనే కూర్చుని, ఎంత అయిందో చూపే గీత తెర మీద నిండటం చూసింది. పక్కన ఉతికిన బట్టలు మడత పెట్టకుండా అలాగే పడి ఉన్నాయి.

సాయంత్రం భర్త చూసి నిలబడిపోయాడు. "నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"మీరు నన్నడిగారా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం? రేపేదైనా పాడైతే?"

"బాగు చేసుకుంటాను."

"నీ పాత ఫైళ్ళు?"

"పోయినట్టే. కావలసినవి మళ్ళీ కూర్చుకుంటాను."

"మా అబ్బాయితో చెప్పి చేస్తే పోయేదిగా అమ్మాయ్," అంది అత్తగారు గదిలోంచి.

"చెప్తూనే ఉన్నాను కదా అత్తయ్యా, ఇప్పుడు," అంది ఆమె.

రాత్రి భోజనాలకు ఇంకా గంట టైముంది. తన పేరుతో కొత్త మెయిల్ తెరిచి, ఎడిటర్ మేడమ్‌కి రాయడం మొదలుపెట్టింది. ముందు "క్షమించండి" అని రాసి, కొట్టేసింది.

"మేడమ్, బుధవారం నా పేరుతో మీకు వచ్చిన జవాబు నేను రాసింది కాదు."