బూరుగు దూది దిండు

దబ్బనం మొనతో ఒక్కో పోగునూ లేపుతూ బాలమ్మ బస్తా మూతి కుట్టు విప్పుతోంది. లోపలి నుంచి పాత చెమట వాసన గుప్పున వచ్చింది. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆమెకు ఇదే పని. తమ్ముడు ఓదెలు బాక్సింగ్ సాధనలో వారమంతా గుద్దీ గుద్దీ లోపలి దూదిని రాయి చేస్తాడు. ఆమె దాన్ని పింజలుగా విడదీసి, మళ్లీ నింపి, వాకిట్లో పైన దూలానికీ కింద మేకుకూ కదలకుండా కట్టేస్తుంది. మిగతా రోజుల్లో శాలిబండలోని పరుపుల దుకాణంలో చేసేదీ ఇంచుమించు ఇదే. కాకపోతే ఆ పరుపుల మీద ఎవరో హాయిగా పడుకుంటారు.

బస్తాను మోకాళ్ల మధ్య పెట్టుకుని లోపలికి చేయి పోనిచ్చింది. ఎడమ చేతి దెబ్బలు పడే పక్క దూది గడ్డలు కట్టింది. రెండో పక్కకు పోగానే ఆమె చేయి ఆగింది. పోయిన వారం తాను నింపినట్టే అక్కడ మెత్తగా ఉంది.

"ఓదెలూ, ఇటు రా. కుడి చెయ్యికి ఏమైంది?"

"ఏం గాలే."

"ఏం గాకుంటే ఈ పక్క ఒక్క గుద్దు లేదేంది? సూపెట్టు."

ఓదెలు చేయి వెనక్కి దాచుకున్నాడు. తల దూలానికి తగిలేంత పొడుగు మనిషి, గోళీలు దాచే పిల్లవాడిలా నిలబడ్డాడు. ఆమె లాగి చూసింది. మధ్యవేలి మొదట్లో కణుపు ఉబ్బి పక్కకు జరిగినట్టుంది. వేలు తగలగానే అతని దవడ బిగుసుకుంది.

"పోయిన ఐతారం పోటీల తగిలింది. మానుతది. రామలింగన్నకు మాత్రం చెప్పకక్కా, నీ కాల్మొక్త. మల్ల రాడాయన."

రామలింగయ్య ఒకప్పుడు పటాలంలో బాక్సింగ్ ఛాంపియన్. ఇప్పుడు బొంబాయిలో టికెట్లు పెట్టి పోటీలు ఆడిస్తున్నాడు. ఇవాళ మధ్యాహ్నం వచ్చి ఓదెలు గుద్దు చూస్తాడు. నచ్చితే సాయంత్రం బండికే వెంట తీసుకుపోతాడు. అయితే డబ్బుకు ఒక్కసారి ఆడినవాణ్ణి మళ్లీ పతకాల పోటీలకు రానివ్వరు. ఆ పతకాలు చూసే రైల్వేవాళ్లు వచ్చే ఏడు ఉద్యోగానికి పిలుస్తామన్నారు. యాకుత్‌పురా స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినబడినప్పుడల్లా బాలమ్మ కళ్లకు పచ్చజెండా పట్టుకున్న తమ్ముడు కనబడతాడు.

"రైల్వేల నౌకరి ఉండంగ గా లొల్లి ఎందుకురా?"

"జెండ ఊపే నౌకరి! అందరు పోతుంటే నేను ఊపుకుంట ఈడనే ఉండాల్నా?" అని ఓదెలు క్షవరానికి వెళ్లిపోయాడు.

వాణ్ణి ఆపాలంటే బాలమ్మ నోరు విప్పనక్కర్లేదు. కుడి పక్క దూదిని దట్టంగా కూరితే చాలు. ఒక్క గుద్దుకే వాడు విలవిల్లాడతాడు, వచ్చినాయన వచ్చినట్టే పోతాడు. ఆమె రోకలితో కూరింది. సగం కుట్టింది. లేచి గుమ్మం దాకా పోయింది. దాహం లేకపోయినా కడవలో చెంబు ముంచి నీళ్లు తాగింది. మళ్లీ వచ్చి కూర్చుంది. మొగుడు పోయి పుట్టింటికొచ్చిన వారానికే తండ్రి ఆమెను దూది కుప్ప ముందు కూర్చోబెట్టాడు. ఏం చేస్తావని గానీ, ఎక్కడికి పోతావని గానీ ఆమెను ఎవరూ అడగలేదు.

కుట్టిందంతా విప్పేసింది. లోపలికి పోయి తన దిండు తెచ్చింది. దుకాణంలో ఊడ్చి పారబోసే బూరుగు దూదిని పిడికెడు పిడికెడుగా ఏళ్ల తరబడి ఏరి కుట్టుకున్న దిండు అది. దాన్ని కోసి, ఆ దూదినంతా బస్తా కుడి పక్కన వదులుగా నింపింది.

రామలింగయ్య వచ్చాడు. లావుపాటి మనిషి, ముక్కు అణిగిపోయి ఉంది.

"బొంబైల నీ పేరు మార్చాలె. ఓదెలంటే ఎవనికి నోరు తిరుగుతది?"

"నోరు తిరగకుంటే వాళ్ల ఫికర్, అన్నా," అంది బాలమ్మ. "మా నాయిన పెట్టిన పేరది."

"అబ్బో! తమ్ముని కన్నా అక్కకే జోరెక్కువుంది!" అని నవ్వాడాయన.

ఓదెలు ఎడమ చేత్తో కొట్టాడు. ధబ్బుమని మోగింది. కుడి చేయి ఎత్తి, కళ్లు మూసుకుని విసిరాడు. పిడికిలి చప్పుడు లేకుండా లోపలికి దిగింది. కళ్లు తెరిచి అక్క వైపు చూశాడు. ఆమె తల వంచుకుని కిరసనాయిలు స్టవ్వుకు గాలి కొడుతోంది. అతను మళ్లీ కొట్టాడు. ఆపకుండా కొట్టాడు.

రామలింగయ్య లేచి బస్తాను రెండు పక్కలా తట్టి చూశాడు. వచ్చి కూర్చున్నాడు. బాలమ్మ చాయ్ ఇస్తే ఎడమ చేత్తో అందుకున్నాడు. కుడి చేయి ఒళ్లో పడి ఉంది. దాని మూడు వేళ్లు వంకర తిరిగి, ముడుచుకోకుండా, చాచుకోకుండా ఉన్నాయి.

"చెల్లె," అన్నాడు మెల్లగా, చాయ్ ఊదుకుంటూ. "బస్తా మంచిగ నింపినవ్. నాకు గిట్ల నింపేటోళ్లు లేకుండె. చెయ్యి మానినంకనే బరిల దించుత."

ఆ మాట నమ్మాలో ఆ వేళ్లను నమ్మాలో ఆమెకు తెలియలేదు.

పొద్దు వాలుతుండగా రిక్షా వచ్చింది. ఓదెలు ఆమె కాళ్లు మొక్కి, ఎడమ చేత్తో సంచీ అందుకున్నాడు.

"దిండు కొని పంపుతనక్కా."

"ముందు చెయ్యి సూపిచ్చుకో," అంది.

రిక్షా మూల తిరిగాక ఆమె వాకిట్లోకి వచ్చింది. దూలం కింద బస్తా ఒక పక్క గుంటలు పడి, రెండో పక్క ఎవరూ తాకనట్టు ఉబ్బి ఉంది.