సారయ్య తుపాకికి ఒక్కటే దెబ్బ

చంద్రవ్వ ఏడుస్తూ సిద్దిపేటలోని నా కొట్టుకొచ్చేసరికి ఒక నాటు తుపాకి గొట్టం తుడుస్తున్నాను. తుపాకులు బాగుచేయడం మా తాత నాటి పని.

"ముక్తారన్నా, మా ఊరి పటేలును ఎవరో నాలుగు దెబ్బలు కాల్చి సంపిన్రు. పోలీసులు మా ఆయనే అంటున్రు. ఇయ్యాల అడివిలకు తోల్కపోతరట. గట్ల పోయినోళ్లు మల్ల రాలేదు గదన్నా!"

నాకు ఒళ్లు మండింది. ఆమె మొగుడు సారయ్యది చేనుమీద పడే అడవిపందులను కొట్టే తుపాకి. ఒక్కసారి పేలిందంటే మళ్లీ మందు పోయాలి, గుడ్డ కుక్కాలి, గుండ్లు వేసి కడ్డీతో దంచాలి. అంతలో పంది పక్క ఊరు చేరుతుంది.

"మా ఆయన ఐదు దెబ్బలు కొడ్తడని ఊరోళ్లే పోలీసులకు చెప్పిన్రన్నా."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. దసరానాడు జమ్మి దగ్గర ఐదుగురి తుపాకులు ముందే నింపి సారయ్యకు అందిస్తారు. అతను వరుసగా పేలుస్తాడు. 'మా సారయ్య తుపాకి ఐదు దెబ్బలది' అని ఊరంతా చుట్టాల ముందు గొప్పలు పోతుంది. పోలీసులకూ ఆ గొప్పే చెప్పారు, దద్దమ్మలు!

చంద్రవ్వ వెంట వెళ్లేసరికి పోలీసు క్యాంపులో సారయ్య మూలన కూర్చొని ఉన్నాడు, మూతి వాచిపోయి. ఎస్సై బల్లమీద అతని తుపాకి, పక్కనే పటేలు శవం దగ్గర దొరికిన నాలుగు ఇత్తడి గొట్టాలు, పేలిన తూటాలవి. వాటిని ఒక్కొక్కటే తిప్పి చూశాను. నాలుగింటి అంచునా ఒకే గీత ఉంది, నాకు తెలిసిన గీత.

"సార్, దీంట్ల ఇత్తడే ఉండదు. అంత మూతిలకెంచే పొయ్యాలె," అంటూ మందుకు బదులు ఇసుక పోసి, దంచి చూపించాను.

"పాతకాలంల అన్ని తుపాకులు గిట్లనే సార్. మల్ల నింపేలోపు శత్రువు మీదికొస్తున్నడని తెల్లదొరల దేశంల మందుకు ఇత్తడి తొడుగేసిన్రు, తూటాలకు డబ్బ పెట్టిన్రు. బోల్టు గుంజితే ఖాళీది బయట పడ్తది, కొత్తది ఎక్కుతది. మీ సెంట్రీ చేతిలది గసొంటిదే."

"కథలు చెప్పకు. మరి ఆ తుపాకి ఏది?" అన్నాడు ఎస్సై. బయట జీపు స్టార్టయింది. ఇద్దరు పోలీసులు సారయ్య రెక్కలు పట్టి లేపారు. చంద్రవ్వ వాళ్ల కాళ్లమీద పడింది.

యా అల్లా, నేనేం చెయ్యను? నాకూ పిల్లలున్నారు. కానీ నోరు ఆగలేదు.

"ఆగుండ్రి సార్! గా గీత జూడుండ్రి. ఖాళీ గొట్టాన్ని గుంజే కొక్కెం గీసింది. మొన్న వానకాలం అడివిలకెంచి ఇద్దరు అన్నలు గసొంటి తుపాకి తెచ్చి, బాగుచెయ్యమని గొంతు మీద కత్తి పెట్టిన్రు. గా కొక్కేనికి ఆకురాయి పట్టింది నేనే."

ఎస్సై ఒక గొట్టం తీసి ఆ గీత మీద గోరు రాసి చూశాడు. తర్వాత సారయ్యను వదిలేయమన్నాడు. చంద్రవ్వ మొగుణ్ణి పొదివి పట్టుకుని గడప దాకా వెళ్లి, వెనక్కి తిరిగి "అన్నా, నువ్వు రావా?" అంది.

సారయ్య కూర్చున్న మూలలో నన్ను కూర్చోబెట్టారు. బయట జీపు ఇంజను ఇంకా ఆపలేదు.