తలుపు బయట మా వదిన

మా స్కూలు హెడ్‌మిస్ట్రెస్ నాకు స్వయానా ఆడపడుచు, మా ఆయనకి అక్క. ఇంట్లో వదిన, గేటు దాటితే మేడమ్. ఒకే మేడలో పైవాటా ఆవిడది, కిందివాటా మాది. అందుకని పగలు స్కూల్లో తిన్న చీవాట్లు అరగకముందే సాయంత్రం ఆవిడకి కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చోవాలి. ఈ తిప్పలు పగవాళ్ళకి కూడా వద్దు.

ఈసారి గొడవంతా శుక్రవారం ఆఖరి పీరియడ్ గురించి. అందులో పాఠం ఉండదు. ప్రతి క్లాస్ టీచరూ తన పిల్లలతో కూర్చుని వాళ్ళ మంచిచెడ్డలు మాట్లాడాలి. నేనే కాళ్ళావేళ్ళా పడి పెట్టించాను. నా ఏడో తరగతిలో నోరు విప్పని పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళ నాన్న ఇల్లొదిలి వెళ్ళిపోయాడని ఆ పీరియడ్‌లోనే మొదటిసారి చెప్పుకుని ఏడ్చింది. అప్పటినుంచి క్లాసులో చెయ్యెత్తుతోంది. ఆ ఒక్క చెయ్యి కోసం నేను ఎవరితోనైనా పోట్లాడతాను, మా వదినతో సహా.

మా వదినకి మాత్రం ఇదేమీ తలకెక్కలేదు. కబుర్లు ఇళ్ళల్లో చెప్పుకోవచ్చు, ఆ పీరియడ్ లెక్కలకి ఇచ్చేస్తానంది. చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే ఒక మెట్టు దిగింది. శనివారం టీచర్లకి శిక్షణ ఉంది కదా, అది నన్నే నడపమంది. పిల్లల్ని పట్టించుకోవడమంటే ఏమిటో అందరికీ నేర్పాలి. తనకి నచ్చితే పీరియడ్ ఉంటుంది, లేకపోతే సోమవారం నుంచి లెక్కలే. మా ఆయన ఈ మాట విని, అక్కతో పెట్టుకున్నావు, ఇక నీ ఇష్టం అని, నన్ను ఊరికి సాగనంపుతున్నట్టు మొహం పెట్టాడు.

శనివారం పిల్లలు రారు. టీచర్లందరినీ ఏడో తరగతి గదిలో పిల్లల బెంచీల మీద ఇరికించి కూర్చోబెట్టాను. మీ తల ఎక్కువగా తినే పిల్లో పిల్లాడో ఎవరో గుర్తు తెచ్చుకోండి, ఈ పూటకి మీరే వాళ్ళు, నేను టీచర్ని అన్నాను. అంతే, ఇక ఎవరికీ పట్టపగ్గాల్లేవు.

జీవితంలో నవ్విన దాఖలా లేని లెక్కల మాస్టారు ఆఖరి బెంచీలో చేరి కాగితం రాకెట్లు చేయడం మొదలుపెట్టారు. డ్రాయింగ్ మేడమ్ బల్ల కింద దూరి సైన్స్ మేడమ్ జడని బెంచీ కాలికి కట్టేసింది. సైన్స్ మేడమ్ తన పెన్సిలెవరో కొట్టేశారని రాగం అందుకుంది. నాకు నవ్వాగక బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను.

అప్పుడొచ్చింది మా వదిన, ఆఫీసులో ఫోను మాట్లాడి, ఆలస్యంగా. లేటుగా వచ్చినవాళ్ళు టీచరు పిలిచేదాకా బయటే నిలబడాలన్నది మా స్కూలు రూలు. ఆ రూలు పెట్టిందీ ఆవిడే. ఒళ్ళు తెలియని ఉత్సాహంలో ఉన్నానేమో, ఎందుకు లేటని కూడా అడగలేదు. "బయట నిలబడు," అన్నాను. మీరు కాదు, నువ్వు. గది గదంతా ఘొల్లుమంది. ఆవిడ వెనక్కి వెళ్ళింది. నేను తలుపు వేసేశాను.

తర్వాత ఒక్కొక్కరినీ ఆ అల్లరి ఎందుకు చేశావని అడిగాను. లెక్కల మాస్టారు లేచి చేతులు కట్టుకున్నారు. "మీరు ఎప్పుడూ బోర్డు వైపే తిరిగి ఉంటారు టీచర్. రాకెట్ తగిలితే గానీ నావైపు చూడరు," అన్నారు. అనేసి ఆయనే ఉలిక్కిపడి, తన క్లాసులో ఆ కుర్రాడెవరో తలుచుకుంటున్నట్టు బెంచీ మీది రాకెట్ వైపు చూశారు. ఆ మాస్టార్ని చూస్తే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన సర్దుకుని ఇంకో రాకెట్ విసిరాక నవ్వే గెలిచింది.

అంతలో టీ వచ్చింది. ఆయా అందరికీ ఇచ్చింది, ట్రేలో ఒక కప్పు మిగిలింది. ఎవరు తీసుకోలేదని బెంచీలన్నీ చూశాను. అందరి చేతుల్లోనూ కప్పులున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, తలుపు బయట మా వదిన. పీరియడ్ పోయింది, ఉద్యోగం పోయింది, బహుశా కిందివాటా కూడా పోయింది అనుకుంటూ తలుపు తీశాను.

వదిన గోడకి ఆనుకుని, ఒక చెప్పు విడిచి, ఆ పాదాన్ని రెండో పాదం మీద పెట్టుకుని నిలబడి ఉంది.

"లోపలికి రావాల్సింది కదా వదినా," అన్నాను, స్కూలన్నది మర్చిపోయి.

"రూలు నాదే కదా, కాసేపు రూలు కోసం నిలబడ్డాను," అంది. "తర్వాత అలిగి నిలబడ్డాను. లోపల మీరంతా నవ్వుతున్నారు. నేను లేనని ఎవరికైనా తడుతుందేమోనని చూశాను. ఎవరికీ తట్టలేదు."

ఆ గొంతు మేడమ్‌ది కాదు, వదినది కూడా కాదు. ఏడో తరగతి పిల్లది. నాకు ఆవిడని గట్టిగా పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను. ఆవిడ విడిపించుకోలేదు. నా భుజం మీదుగా గదిలోకి తొంగిచూసి, "రావచ్చా టీచర్?" అంది. రమ్మని లోపల ఉన్నవాళ్ళందరూ కోరస్‌గా అరిచారు.

వెళ్ళి లెక్కల మాస్టారి పక్కన కూర్చుని, చల్లారిన టీ తాగింది. ఆయన ఇంకా పిల్లాడి పాత్రలోంచి దిగలేదు. చెయ్యెత్తి, శుక్రవారం ఆఖరి పీరియడ్ మాకు లెక్కలొద్దు మేడమ్ అన్నారు.

"నన్నడుగుతావేం, లేటుగా వచ్చినదాన్ని," అంది మా వదిన. "టీచర్నడుగు."

పీరియడ్ నిలిచిందన్న సంబరంలో సోమవారం బస్సు తప్పిపోయి నేనే లేటయ్యాను. గేటు లోపల లేటుగా వచ్చిన పిల్లల వరుస ఉంది, దాని ముందు మా వదిన. ఎందుకు లేటయిందని ఒక్కొక్కరినీ అడిగి, చెప్పిందంతా విని, క్లాసుకి పంపిస్తోంది. నేను తల వంచుకుని పక్కనుంచి జారుకోబోయాను.

"టీచర్, మీరూ చెప్పండి, ఏమయింది?" అంది.

చీవాట్లకి సిద్ధపడి తలెత్తాను. ఆవిడ నిజంగానే వినడానికి నిలబడింది.