మా అన్న రాకడ సంగీతం

మా అన్న దావీదురాజు కర్నూల్లో రాక్ సంగీతం చేస్తాడు. పాటలు తనే కట్టి, తనే రికార్డు చేసి ఆల్బమ్‌లుగా వదులుతాడు. డ్రమ్స్ నేను వాయిస్తాను. మొదటి ఆల్బమ్‌కి బనగానపల్లె దగ్గర నాపరాళ్లు కోసే మిషన్ మోతనే తాళంగా వాడాడు. రెండోదానికి గిటార్ మోతని నీళ్ల కడవలోంచి పట్టాడు. బెంగళూరు వాళ్లు ఇలాంటిది ఎన్నడూ వినలేదన్నారు. మా వీధి వాళ్లు కిటికీలు వేసుకున్నారు. ఇద్దరిదీ న్యాయమే.

మూడోదానికి మా అవ్వ రాహేలమ్మ గొంతు కావాల్సి వచ్చింది. అదీ మా ఊరి పాత రాతి చర్చిలోనే పాడించాలి. అక్కడ అవ్వ పాడితే గోడలు ఆఖరి మాటను మళ్లీ మళ్లీ పలుకుతాయి. "ఆ పాట లేకపోతే ఆల్బమే వద్దు మహిమా, గిటార్ అటకెక్కిస్తా" అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి. కానీ ఆ చర్చిలోకి హార్మోనియం, తబలా తప్ప ఇంకోటి రానివ్వరు.

"ఏం సంగీతంరా నీది?" అని అడిగింది అవ్వ.

"రాక్, అవ్వా."

అవ్వకు చెవుడు. "రాకడా!" అని కళ్లు తుడుచుకుంది. మా వాళ్లకు రాకడంటే ఒక్కటే, ప్రభువు రెండోసారి రావడం.

అన్న నోరు తెరిచాడు. నేను కాలు తొక్కాను. మూసుకున్నాడు.

ఆ ఆదివారం అవ్వ సంఘం ముందు నిలబడి, "నా మనమడు ప్రభువు రాకడ మింద పాటలు కడతాండాడు" అని చెప్పింది. చర్చి తాళాలు మా చేతికొచ్చాయి. రికార్డింగ్ రోజు అన్న గిటార్‌ని అరిపిస్తే సంఘ పెద్ద శామ్ సార్ లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా, ఏందిది?"

"కడబూర సార్" అన్నాను నేను. ప్రభువు రాకడప్పుడు మోగే బూర అది.

ఆయన భక్తిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "అయితే ఇంగ రోంత పెంచప్పా" అన్నాడు.

పాట బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత ఆల్బమ్ విడుదల చేసే కంపెనీ నుంచి ఒప్పంద పత్రం వచ్చింది, తెలుగులోనే. పాడినవాళ్లు సంతకం పెట్టాలి. బైబిలు చదివే అలవాటున్న అవ్వ ఒక్క అక్షరం వదలదు. కళ్లజోడు పెట్టుకుని వేలితో చదివింది.

"రా... క్... ఆల్బమ్. డ యాడ పాయరా?"

అన్న ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నా కాలి సంగతి మాత్రం దాచాడు, అది నేనే చెప్పుకున్నాను.

"సంఘం ముందర నా నోటితో అబద్ధం చెప్పిస్తిరి" అంది అవ్వ. తిట్టినా బాగుండేది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"సంతకం వద్దులే అవ్వా. ఆ పాట తీసేస్తా" అన్నాడు అన్న.

"తీసేసేదానికి నువ్వెవురు? పాడింది నేను."

పెన్ను లాక్కుని, రాక్ మీది పొల్లు కొట్టేసి, పక్కన డ రాసింది. కింద రాహేలమ్మ అని గుండ్రంగా సంతకం పెట్టింది.

"ఇప్పుడు నేను చెప్పింది నిజమే. మిగతా పాటలు దేని మింద?"

"ఇంకా ఏడు పాటలుండాయి అవ్వా" నసిగాడు అన్న. "అన్నీ శివాని మింద."

శివాని అన్నను కాదని వెళ్లిపోయి ఏడాదైంది.

అవ్వ కళ్లజోడు తీసి మడిచింది. "ఆ పాప ఎట్లాగూ రాదులే. వచ్చే ఆయన మిందికి మార్చుకో."