నాన్న కౌగిలించుకున్న సీను

ప్రభుత్వ టీవీలో కుర్రకారు కోసం నాటకం తీయాలనుకున్నప్పుడు, కథ వాళ్ళే చెప్పాలని పట్టుబట్టింది రచయిత్రే. "మనం రాస్తే నీతిపాఠాల్లా ఉంటున్నాయి సార్" అని నిర్మాతను ఒప్పించింది. అలా పన్నెండు మంది పిల్లలు శనివారాలు రిహార్సల్ గదికి రావడం మొదలుపెట్టారు.

వాళ్ళలో పదిహేనేళ్ళ పిచ్చుక ఒకతి. బక్కపలచగా ఉంటుందని తోటివాళ్ళు పెట్టిన పేరు. నోట్లో నాలుక లేని పిల్ల. ఐదో వారం నాలుగు కాగితాలు రచయిత్రి చేతిలో పెట్టి, కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది.

అందులో ఒక సీను. పరీక్ష తప్పిన అన్న. ఏడాదిగా అతనితో మాట్లాడని తండ్రి. ఎదురెదురుగా కూర్చుని తింటూ కూడా "ఆ ఉప్పు ఇటివ్వమను వాణ్ణి" అని కూతురితో చెప్పిస్తాడు. రచయిత్రి ఆఖరి కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది.

"చివర లేదేంటమ్మా?"

"ఇంకా ఏమీ కాలేదు మేడమ్."

ఇది మీ ఇల్లేనా అని అడగబోయింది. అడిగితే కాగితాలు వెనక్కి తీసుకుంటుందేమోనని ఊరుకుంది.

నిర్మాతకు సీను నచ్చింది. చివర లేకపోవడం నచ్చలేదు. "చూసే పిల్లలకి కాస్త ఆశ ఉండాలి కదమ్మా" అన్నాడు. రచయిత్రి ఒక పూట వాదించి, ఆఖరికి తనే రాసింది: తండ్రి లేచి వచ్చి కొడుకును కౌగిలించుకుంటాడు. అది చదివి వినిపిస్తే పిల్లలంతా చప్పట్లు కొట్టారు. పిచ్చుక కొట్టలేదు.

నాటకం ప్రసారమయ్యాక ఆ శనివారం ఆమె రాలేదు. పై వారం అందరికంటే ముందే వచ్చింది.

"ఇంట్లో అందరం కలిసే చూశాం మేడమ్. ఉప్పు మాట రాగానే నాన్నకి అర్థమైపోయింది. ఇంటి గుట్టు వీధిలో పెట్టానని తిడతాడనుకున్నా. ఏమీ అనలేదు. ఆ చివర వచ్చినప్పుడు అన్నయ్య నాన్న వైపు చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు. నాన్న లేచి టీవీ కట్టేసి వెళ్ళిపోయాడు."

"మరి అన్నయ్య?"

"తెల్లారేసరికి ఇంట్లో లేడు."

రచయిత్రి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. పిచ్చుక చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మళ్ళీ వేస్తారట కదా. ఆ చివర తీసేయండి మేడమ్. అది నేను రాయలేదు."

రచయిత్రి వెంటనే మేడెక్కి నిర్మాతను అడిగింది. ఆయన ఒక ఉత్తరాల కట్ట ముందుకు తోశాడు. అవి రాసిన పిల్లలందరికీ ఆ కౌగిలింతే నచ్చింది.

"ఇంతమందికి ధైర్యమిచ్చిందాన్ని ఎలా తీస్తాం? పోనీ, ఆ పిల్ల పేరు తీసేద్దాం" అన్నాడు, జాలిగానే.

కిందికొచ్చి ఆ మాటే చెప్పింది. "సరే" అని పిచ్చుక సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నెల తర్వాత ఆమె తల్లి ఫోన్ చేసింది.

"అమ్మాయి చెప్పమంది. వాడు ఫోన్ చేశాడు. ఏదో గోదాములో పనట. ఎక్కడో చెప్పలేదు. వేళకి తింటున్నానన్నాడు." ఫోన్ పెట్టేయబోతూ మళ్ళీ అంది: "ఈ సంగతి మాత్రం ఎందులోనూ పెట్టకమ్మా."

"పెట్టనండీ" అంది రచయిత్రి.